చెప్పి చేసే చప్పుడు

పెద్దత్త పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది పాలు పోసే ఓబులమ్మ. ఆమె కూతురిని పెద్దత్త వాళ్ల ఊళ్లోనే ఇచ్చారు, కొమరోలు అవతల. తెల్లవారగానే ఆ పిల్ల తల్లికి ఫోను చేసిందట. మావాళ్లు నాకూ చేశారు గానీ, పూజలో ఉన్నంతసేపు నేను ఫోను ముట్టను. నా హారతి అయ్యేదాకా ఓబులమ్మ గడప బయటే నిలబడింది. నేను కళ్లకద్దుకొని ఇవతలికి వచ్చాక, "అమ్మాయ్, ఒక మాట చెప్పాల్సి ఉండాది. మంచి మాట కాదు. కూచో, చెప్తా" అన్నది. నేను కూర్చున్నాకే చెప్పింది.

మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాము. పెద్దత్తను వాకిట్లో పడుకోబెట్టి దండలు వేశారు. డప్పులవాళ్లు పక్కన మంట వేసుకొని డప్పులు కాచుకుంటున్నారు. వాళ్లు లేచి నిలబడగానే మా మరిది గబగబా పోయి, ఆమె చెవి దగ్గర వంగి, అందరికీ వినబడేంత గొంతుతో, "పెద్దమ్మా, ఇప్పుడు డప్పులు కొడతారు. గట్టిగా ఉంటాది. బెదరొద్దు" అన్నాడు. అని, లేచి, వాళ్లకు చెయ్యి ఊపాడు.

చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా వెనక ఎవరో ఒకామె, "పాపం, ఈ పిల్లోనికి మల్ల మొదలైనట్టుండాది" అని గొణిగింది. నేను వెనక్కి తిరిగి, "లేదక్కా. బాగుండబట్టే అట్ల చెప్పినాడు" అన్నాను. ఏడుస్తూనే అన్నాను గానీ ఆ మాట అనేటప్పుడు నాకు గర్వంగా ఉండింది. ఆ గర్వం ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే పగిలిన పలక ముక్కల మీద అక్షరాలు దిద్దించాడు. ఆ అక్షరాలకు ఇంతకంటే మంచి పని నాకు దొరకదు.

పెద్దత్త అంటే మా అత్తకు అక్క. ఆమెకు పేరు లేక కాదు, ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. మాకు పెద్దత్త, మా ఆయనకూ మరిదికీ పెద్దమ్మ, మార్కాపురంలో మా వీధి వీధంతటికీ కూడా పెద్దమ్మే. పొడుగు మనిషి. నడుముకు చెంగు బిగించి కట్టేది. రొంటిన నశ్యం డబ్బీ. పుట్టినింట్లోనూ మెట్టినింట్లోనూ గొర్రెలే. గొర్రెలు కాసిన మనిషి గొంతు ఎట్లా ఉంటుందో విన్నవాళ్లకు తెలుసు. ఆమె మామూలుగా మాట్లాడితే పక్క వీధివాళ్లు ఏమిటని తొంగిచూసేవాళ్లు. మా ఇంటికి నెమ్మది నేర్పిన మనిషి ఈమేనంటే, ఆమెను ఎరగనివాళ్లు నవ్వుతారు.

మా ఇంటికి వచ్చినప్పుడు కూడా ఆమె చేసే పని ఏదైనా ముందు నోటితో చెప్పేది. "వస్తాండా" అని వీధి మొదట్లోనే అనేది. "తలుపు తీస్తాండా." "బిందె దింపుతాండా." "రోకలి ఎత్తుతాండా." ఎవరికి చెబుతోందో తెలిసేది కాదు. గదిలో ఎవరూ లేకపోయినా చెప్పేది. నశ్యం పీల్చి, ముక్కు పట్టుకొని, "తుమ్ము వస్తాంది, తుమ్ము వస్తాంది" అని రెండు చేతులా మమ్మల్ని ఆపి, ఒక్కోసారి ఆ తుమ్ము రాకపోతే మోసపోయినట్టు మొహం పెట్టేది. నిద్రపోయేవాళ్లను తట్టి లేపనిచ్చేది కాదు. దూరం నుంచి ఒకసారి, ఇంకొంచెం దగ్గరికొచ్చి ఒకసారి పేరు పిలవాలి. పిలిచి ఆగాలి. "పట్టుకొని ఊపడానికి అదేమన్నా చింతకొమ్మనా" అనేది.

ఎదురింటి సుబ్బమ్మక్కకు ఈమెను చూస్తే ఎగతాళి. ఒకరోజు మా వాకిట్లో నిలబడి, "ఏందమ్మా, మీ ఇంటికి బస్టాండు మైకు వచ్చిందంట గదా" అన్నది.

"వచ్చినాది" అన్నది పెద్దత్త. "నీ బస్సు ఇంగా రాలేదు. వచ్చిందాక అట్ల కూచో."

సుబ్బమ్మక్క కూర్చున్నది. దీపాలు పెట్టేవేళ దాకా లేవలేదు.

ఇవన్నీ నేను కాపురానికి వచ్చిన కొత్తలో నవ్వుకుంటూ చూసినవే. వాటి విలువ తెలిసింది మా మరిదికి కష్టం వచ్చినప్పుడు.

మా మరిది బండల లారీ నడిపేవాడు. గిద్దలూరు దాటి నంద్యాల పోయే ఘాటు రోడ్డులో, దిగుడులో బ్రేకులు పట్టలేదు. దేవుడి దయ, ఆ సమయానికి ఎదురుగా ఏ బండీ రాలేదు. కొండ వారకు తిప్పి రాసుకుంటూ ఆపాడు. వెనకనున్న బండలన్నీ ఒక్కసారి ముందుకు జారి క్యాబిను వెనక తగిలాయి. ఒంటిమీద చిన్న గీరుడు తప్ప ఏమీ కాలేదు. ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నాడు. మేము కొబ్బరికాయ కొట్టి, గండం గడిచిందనుకున్నాము.

గడవలేదు. ఆ రోజు నుంచి అతనికి నిద్ర లేదు. పళ్లెం జారితే గోడకు అతుక్కొని నిలబడేవాడు. కుక్కరు కూస్తే ముద్ద నోట్లో ఉండగానే లేచిపోయేవాడు. మా సందు చివర పలకలు కోసే మిషను ఉంది. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడులో పెరిగినవాడు, ఇప్పుడు అది మొదలైతే చెవులు మూసుకొని కూర్చునేవాడు. లారీ మాట ఎత్తితే పెరట్లోకి పోయి నిలబడేవాడు. ఒంగోలులో డాక్టరుకు చూపించాము. ఆయన ఓపికగా అంతా విన్నాడు. మందులు రాసిచ్చి, "భయంలేదు, కోలుకుంటాడు. మందులు మానకండి. ఇంట్లో ప్రశాంతంగా ఉండేటట్టు చూసుకోండి" అన్నాడు.

మందులు దుకాణంలో దొరికాయి. ప్రశాంతం ఎక్కడ దొరుకుతుందో మాకు తెలియలేదు. మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులు. మా ఆయనది దాణా దుకాణం, పొద్దంతా బేరాలాడి వచ్చిన గొంతు ఇంట్లో కూడా తగ్గదు. అత్త సంగతి చెప్పక్కరలేదు, పెద్దత్తకు చెల్లెలు.

అప్పుడే మరిది ఒక మాట అన్నాడు. "నేను చేని దగ్గర కొట్టంలో ఉంటా. ఈ ఇంట్లో నా వల్ల కాదు" అన్నాడు. ఆ చేను ఊరికి దూరం. కొట్టంలో మోటారు తప్ప ఇంకేమీ లేదు. నిద్రలేని మనిషి, మనసు బాగాలేని మనిషి, ఒంటరిగా అక్కడ ఉంటే ఏమవుతుందోనని అత్త నోట్లో గుడ్డ కుక్కుకొని ఏడ్చింది. ఏడిచి, అక్కకు ఫోను చేసింది.

పెద్దత్త అంతా విని, "ఇల్లు సద్దండి. నేను ఎల్లుండి బస్సుకు వస్తా" అని పెట్టేసింది.

ఆ ఒక్క మాటతో మేము చేసిన పిచ్చిపని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మా వైపు సర్దడాన్నీ సద్దడమనే అంటారు, చప్పుడునూ సద్దు అనే అంటారు. అత్త దాన్ని సర్దడమని పట్టుకున్నది. ఆ పూటే అటక మీది ఇత్తడి సామానంతా దింపించి, బీరువాలు జరిపించి, చింతపండు వేసి తోమించింది. గంగాళం ఒకటి నా చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లింది. మరిది చొక్కా లేకుండా వీధిలోకి పరుగెత్తాడు.

సాయంత్రం మా ఆయన వచ్చి తల్లి మీద కేకలేశాడు. "అమ్మా, పెద్దమ్మ చెప్పింది సద్దు చెయ్యొద్దని. నువ్వేమో ఇల్లు తలకిందులు చేసినావు." ఇక ఆయన పద్ధతి మొదలైంది. టీవీ బందు. మిక్సీ బందు. పచ్చడి నేను సుబ్బమ్మక్క ఇంట్లో నూరుకొని తెచ్చుకోవాలి. తలుపు మడతబందులకు నూనె. చెప్పులు వీధిలోనే. నేను పూజగంట నాలుకకు గుడ్డ చుట్టాను. అందరమూ వేళ్ల మీద నడిచాము, చెవుల్లో మాట్లాడుకున్నాము. మరిది తల తిప్పి చూసేసరికి వెనక ఎవరో ఒకరం చప్పుడు లేకుండా నిలబడి ఉండేవాళ్లం. అతను ఇంకా బిగుసుకుపోయాడు.

రెండో రోజు గుడ్డసంచిలో బట్టలు పెట్టుకున్నాడు. "నన్నేమన్నా పాడె మీద పండబెట్టినారా, చుట్టూ చేరి గుసగుసలాడతాండారు. దయ్యాల మాదిరి వస్తారు, దయ్యాల మాదిరి పోతారు. నేను చేనికాడికి పోతాండా" అన్నాడు. అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. మా ఆయన తమ్ముడి సంచి పట్టుకున్నాడు. నేను దేవుడి గదిలోకి పోయి, చెన్నకేశవా, ఈ సంచి గడప దాటనీకు అని దండం పెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడు వీధి మొదట్లో నుంచి, "వస్తాండా. నేనే" అని వినిపించింది.

ఆ గొంతుకు మరిది చేతులు చెవుల మీదికి పోలేదు. నేను చూశాను. దేవుడి గది గుమ్మంలోంచి కళ్లారా చూశాను.

"ఇంకొంచెం దగ్గరికి వచ్చినా." "సుబ్బమ్మ ఇల్లు దాటినా." "మెట్టు ఎక్కుతాండా." ఆమె లోపలికి వచ్చి, సంచి వైపు ఒకసారి చూసి, దాని సంగతి ఎత్తకుండా, "నాయనా, ఈ బుట్ట కింద పెడతాండా, చప్పుడైతాది" అన్నది. పెట్టింది. చప్పుడైంది. అతను కదల్లేదు.

కాళ్లు కడుక్కొని, నీళ్లు తాగి, ఇల్లంతా కలయజూసి, "ఏందే ఇది. ఇల్లు సద్దమంటే సద్దే లేకుండా చేసినారు" అన్నది చెల్లెలితో.

"నేను సామాను సద్దినాను గదా" అన్నది అత్త.

"సామాను ఎవరు సద్దమన్నారు నిన్ను. సద్దును సద్దమన్నా. చప్పుళ్లను తీసి యాడివాటిని ఆడ పెట్టమన్నా." మాకు అర్థం కాలేదని చూసి, మరిది పక్కన కూర్చొని, అతనికి చెప్పినట్టుగా చెప్పింది. "గొర్రెల దొడ్డిలోకి పోయేటప్పుడు నోరు మూసుకొని పోగూడదు నాయనా. మెల్లగా పోతే అవి తోడేలు అనుకుంటాయి. తడిక మీద పడి ఒకదాన్ని ఒకటి తొక్కుకుంటాయి. మనం దూరం నుంచే ఏదో ఒకటి అనుకుంటా పోవాల. వస్తాంది మనోడే అని తెలిస్తే, ఎంత గట్టిగా అరిచినా తల గూడా ఎత్తవు. నెమరు ఏసుకుంటా పండుకోనుంటాయి. వీళ్లు మెల్లగా వచ్చి నిన్ను బెదరగొట్టినారు. వీళ్ల తప్పు. ఒక నాలుగు రోజులు ఉండి చూడు. అప్పటికీ పోతానంటే నేనే తోడొస్తా, ఇద్దరం పోదాం చేనికాడికి."

అతను సంచి మీద నుంచి చెయ్యి తీశాడు.

ఆమె మొదట చేసిన పని, దేవుడి గదిలోకి వచ్చి నా గంటకు కట్టిన గుడ్డ విప్పడం. "దేవుని నోరు గూడా కట్టేసినావా అమ్మాయ్" అన్నది. "కొట్టు. కొట్టకముందు గట్టిగా చెప్పు."

మామగారు బతికున్నన్నాళ్లూ నేను ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడలేదు. ఆయన పోయాక కూడా ఆ అలవాటే మిగిలింది. "హారతి ఇస్తున్నా" అని ఏదో అన్నాను.

"నాకే వినపడలేదు. చావిట్లో ఉన్నోనికి యాడ ఇనపడతాది."

మూడోసారికి అన్నాను. నా మాట వంటిల్లు దాటి, నడవ దాటి, మరిది మంచం దగ్గరికి పోయింది. అక్కడి నుంచి, "ఊ, ఇయ్యి వదినా" అని జవాబు వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆ ఇంట్లో నా గొంతు అంతదూరం పోవడం అదే మొదలు. దానికి కూడా నేను ఆమెకే రుణపడి ఉన్నాను.

ఇక మా ఇంట్లో అందరికీ అదే పని. "కుక్కరు పెట్టినా, కూస్తాది." "మోటారు వేస్తాండా." "దుకాణం నుంచి వచ్చినా, బండి స్టాండు వేస్తాండా." మా ఆయన మొదట్లో సిగ్గుపడి, దగ్గి సరిపెట్టబోయాడు. "దగ్గు ఎవురిదైనా ఒకటే మాదిరి ఉంటాది. మాట చెప్పు" అన్నది పెద్దత్త. పలకల మిషను దగ్గరికి కూడా ఆమే స్వయంగా పోయి, మిషను వేసే ముందు ఒక ఈల వేయమని అడిగి వచ్చింది. ఆ మనిషి మంచివాడు, వేసేవాడు. సెల్‌ఫోను ఒక్కటే ఆమెకు లొంగలేదు. "చెప్పకుండా అరిచేది ఇదొక్కటే కొంపలో" అని దాన్ని తువ్వాలులో చుట్టి చాటలో పెట్టేది. కుక్కరుతో కూడా తగువే. పక్కన నిలబడి, "కూస్తాది, ఇదో కూస్తాది" అనేది. అది కూయకుండా ఊరుకుంటే మా మరిది చావిట్లో నుంచి, "పెద్దమ్మా, నీ మాట వినడంలే అది" అనేవాడు. అతను నవ్వి ఎన్నాళ్లయిందో. అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

ఒక్క మందుబిళ్ల కూడా మాననివ్వలేదు పెద్దత్త. "డాక్టరు చేసేది డాక్టరు చేస్తాండాడు. ఇంటి పని మనం చెయ్యాల" అనేది.

ఒకరోజు మధ్యాహ్నం నేను కొబ్బరి, మిరపకాయలు మిక్సీలో వేసుకొని, "మిక్సీ వేస్తాండా" అన్నాను. జవాబు రాలేదు. ఇంకోసారి అన్నాను. రాలేదు. కొట్టానికి గానీ పోయాడేమోనని తొంగిచూశాను. నులకమంచం మీద, మోచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకొని, నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

నేను చేతులు తుడుచుకొని మిక్సీ ప్లగ్గు తీసేయబోయాను. పెద్దత్త గడప మీద కూర్చొని చూస్తోంది. "ఏందే తీస్తాండావు" అన్నది.

"నిద్రపోయినాడు పెద్దత్తా. లేస్తాడు."

"చెప్పినావు గదా. వేసుకో."

"వినలేదు గదా పెద్దత్తా, నిద్రలో ఉంటే."

"ఇన్నాడు. లేకుంటే నిద్ర ఎట్ల పడతాది. వెయ్యి."

అత్త పెరట్లోంచి వచ్చి, చూసి, వద్దన్నట్టు తల ఊపింది. ఇన్నాళ్లకు పట్టిన నిద్ర. ఒక్క పచ్చడి కోసం దాన్ని చెడగొట్టాలా. పెద్దత్త మాత్రం లేవలేదు, మాట మార్చలేదు. నేను చెన్నకేశవుణ్ణి తలుచుకొని, మీట నొక్కాను. మా మిక్సీ పాతది, రాళ్లు నూరినట్టు అరుస్తుంది. మరిది ఒకసారి కాలు ముడుచుకున్నాడు. ఇటు తిరిగి పడుకున్నాడు. నేను పచ్చడి మొత్తం నూరాను. అతను సాయంత్రం వరకు నిద్రపోయాడు. అత్త ఆ మంచం కోడు పట్టుకొని కింద కూర్చున్నది, లేచేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

అంతటితో అయిపోయిందని చెప్పను. మంచి రోజులూ చెడ్డ రోజులూ వచ్చాయి. చెడ్డ రోజుల్లో సంచి మళ్లీ చేతికి వచ్చేది. కానీ గడప దాటలేదు. చలికాలం పోయాక లారీ యజమాని కబురు పెట్టాడు, వస్తావా అని. మరిది పోయి బండి చుట్టూ తిరిగి, ఎక్కకుండా వచ్చాడు. రెండుసార్లు అట్లే వచ్చాడు.

మూడోసారి యజమాని బండిని మా వీధి మొదట్లోనే పెట్టించాడు. మరిది దాని దగ్గరికి పోయేటప్పుడు పెద్దత్త తన బుట్ట సర్దుకొని వాకిట్లోకి వచ్చింది. "నేను మా ఊరికి పోవాల. బస్సులో నిలబడలేను. నీ బండి గిద్దలూరు దాకా పోతాది గదా, ఆడ దించు" అన్నది. మరిది మొహం తెల్లబోయింది. వద్దని మా ఆయన ఏదో అనబోతే అత్త ఆపింది. వీధంతా బయటికొచ్చింది. సుబ్బమ్మక్క కూడా ఎగతాళి చేయలేదు. పెద్దత్త లారీ ఎక్కడానికి మా ఆయన, ఓబులమ్మ కింద నుంచి నెట్టాల్సి వచ్చింది. ఎక్కి, కూర్చొని, "కూచున్నా. ఇంగ నీ ఇష్టం" అన్నది.

లారీ కదిలింది. మేము ఎవరమూ ఆ పూట అన్నం తినలేదు. నేను దేవుడి ముందు కూర్చున్నాను. ఆ రోజు మాత్రం ఫోను పక్కన పెట్టుకున్నాను. స్వామి క్షమిస్తాడనుకున్నాను.

గిద్దలూరు నుంచి మరిది ఫోను చేశాడు. చేరామని చెప్పలేదు, భయమేసిందా లేదా చెప్పలేదు. "వదినా" అన్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. "తర్లుపాడు కాడి నుంచి చెప్పుకుంటానే వచ్చినా. హారను కొడతాండా పెద్దమ్మా, బ్రేకు వేస్తాండా పెద్దమ్మా అని. కంభం వచ్చేసరికి ఊకొట్టడం ఆపేసింది. ఏమైందోనని తిరిగి చూసినా. నిద్రపోయింది వదినా. తల కిటికీకి ఆనిచ్చి, గురక పెడతా. గిద్దలూరు వచ్చిందాక లేవలేదు. నా బండిలో నిద్రపోయింది."

నేను ఆ మాట అత్తకు చెప్పాను. అత్త వాకిట్లోకి పోయి, వీధిలో ఎవరూ అడగకపోయినా, "మా అక్క వాని బండిలో నిద్రపోయిందంట" అని అందరికీ చెప్పింది.

తరువాత ఎప్పుడో ఒంటరిగా దొరికినప్పుడు పెద్దత్తను అడిగాను, నిజంగా నిద్ర పట్టిందా, పట్టినట్టు పడుకున్నావా అని. ఆమె డబ్బీ మూత తీసి, చిటికెడు నశ్యం తీసుకొని, "ఆ గుంతల రోడ్డులో ఎవురికి నిద్ర పడతాదమ్మా" అన్నది. అని, నా మొహం చూసి, "పట్టినాదిలే. కంభం దాటినాక నిజంగానే పట్టినాది. వాడు అంత బాగా నడిపినాడు" అన్నది.

మరిది ఇప్పటికీ లారీ నడుపుతున్నాడు. పెళ్లయింది. ఆ ఘాటు రోడ్డు వారానికొకసారి దిగుతాడు, దిగి ఇంటికొచ్చి హాయిగా నిద్రపోతాడు. ఇది చదివే మీలో ఎవరూ ఆమెను ఎరగరు. ఆమెకు ఒక మంచి ఫోటో కూడా లేదు, ఉన్నదాంట్లో కళ్లు మూసుకొని ఉంది. కొమరోలు అవతల ఒక ఊళ్లో, గొర్రెలు కాసుకొని బతికిన పొడుగాటి ఆడమనిషి ఒకామె ఉండేదని, కన్నకొడుకు కాని ఒక కుర్రవాడు భయం విడిచి బతకడం కోసం వాడి లారీలో ధైర్యంగా కూర్చొని నిద్రపోయిందని, మీ పూజలో ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియదని సందేహించకండి. పెద్దమ్మా అంటే చాలు.